గంటమేడ రాతిపలక

నాలుగో రోజు కూడా తమ్ముడు తన పళ్లెం పట్టుకుని వెనక వరండాలోకి వెళ్లిపోయాడు.

వంటింటి బల్ల ముందు అక్కయ్య ఒక్కతే మిగిలింది. వరండాలో పళ్లెం గచ్చు మీద పెట్టిన చప్పుడు వినిపించింది. మంచినీళ్లు మర్చిపోయాడు. అక్కయ్య గ్లాసు నింపి లేవబోయేసరికి మరదలు వచ్చి దాన్ని ఆమె చేతిలోంచి మెల్లిగా తీసుకుంది.

"నేనిస్తాలే వదినా. మీరు తెస్తే తాగరు."

అక్కయ్య మళ్లీ కూర్చుంది. అరవై మూడేళ్ల మనిషి. ఆ తమ్ముడికి అన్నం కలిపి పెట్టింది, పలక మీద అక్షరాలు దిద్దించింది, పెళ్లి చేసింది. తనకి మాత్రం పెళ్లి మాట ఎవరూ గట్టిగా ఎత్తలేదు, ఆవిడా ఎత్తనివ్వలేదు. యాభై ఎనిమిదేళ్లు వచ్చినా జలుబు చేస్తే అతను ముందు అక్కనే పిలిచేవాడు. అలాంటివాడు నాలుగు రోజులుగా ఆవిడ ఉన్న గదిలోకి అడుగు పెట్టడం లేదు.

మరదలు తిరిగొచ్చి పొయ్యి దగ్గర నిలబడింది. రాత్రంతా ఆయన నిద్రపోలేదని, రేపటి ఉపన్యాసం కాగితం దిండు కింద పెట్టుకుని ఇటూ అటూ దొర్లాడని గోడతో చెప్తున్నట్టు చెప్పింది. ఇంట్లో ఉన్నదే ముగ్గురైతే అందులో ఇద్దరికి మాటల్లేవని, తను తపాలా బంట్రోతునైపోయానని నవ్వబోయి నవ్వలేకపోయింది.

"రేపొక్క పూట గడిచిపోతే చాలు వదినా. పోయినాయన మామగారు. మోగిన గంట మోగింది. ఎవరు మోగిస్తే ఏం?"

అక్కయ్య పళ్లెం కడిగి బోర్లించి, గొడుగు తీసుకుని బయటపడింది.

నాలుగు రోజుల కిందట గంటమేడ కమిటీ ముందు ఆవిడ చెప్పింది ఒక్క మాటే. రాతిపలక మీద మా నాన్న పేరు చెక్కించకండి, ఆ రోజు గంట మోగించింది ఆయన కాదు, అని. ఆ మాట ఇంటికి ఆవిడ కంటే ముందే చేరింది.

ఏటి ఒడ్డున ఉన్న ఆ మేడకి నూరేళ్లు నిండాయి. యాభై రెండేళ్ల కిందట వరద వచ్చిన తెల్లవారుజామున ఆ మేడ మీది గంట మోగబట్టే పల్లపు వీధిలో మూడు వందల ఇళ్లవాళ్లు పిల్లాజెల్లాతో మెరక మీదికి ఎక్కి బతికారు. అప్పుడు గంట కాపలా ఉద్యోగం అక్కయ్య తండ్రిది. మోగించింది ఆయనేనని ఊరు ఊరంతా అంది. ఆయన అవుననలేదు, కాదనలేదు. చిన్నప్పుడు అక్కయ్య ఒకసారి అడిగితే, "గంట మోగింది కదమ్మా" అని చొక్కా వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ మాటని వినయం అనుకుంది ఆవిడ. ముప్ఫై ఏళ్ల కిందట ఊరి చరిత్ర రాస్తూ మొదటి పేజీలోనే తండ్రి కథ పెట్టింది.

రోడ్డు వెడల్పు చేయడానికి మేడ కూల్చేస్తామన్నప్పుడు కూడా ఆ కథనే పట్టుకుని ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. పదకొండేళ్లు తిరిగితే మేడ నిలబడింది. పగుళ్లు పూడ్చి, మెట్లు మార్చి, గంటకి కొత్త తాడు కట్టారు. రేపు పొద్దున్న పదింటికి తమ్ముడి చేత రాతిపలక మీది గుడ్డ తీయిస్తారు. కోరి తెచ్చుకున్న పండగే, ఆవిడ గొంతుకి అడ్డం పడింది.

గ్రంథాలయం పై అంతస్తులో ఆవిడ నడిపే గదిని అందరూ పాత ఊరి గది అంటారు. చాటుగా పాతసామాన్ల కొట్టు అని కూడా అంటారు, అది ఆవిడకి తెలుసు. మూతపడిన దుకాణాల బోర్డులు, పడవ రేవు టిక్కెట్లు, ఎప్పుడో ఆగిపోయిన రంగుల కార్ఖానా నమూనా గుడ్డలు ఉన్నాయి అందులో. అన్నిటికంటే ఎక్కువ క్యాసెట్లు. ఊరి ముసలివాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల గొంతులు పట్టుకున్న క్యాసెట్లు రెండొందల పైచిలుకు. అందులో చాలామంది ఇప్పుడు లేరు.

మధ్యాహ్నం డబ్బా విప్పి తినేటప్పుడు ఆవిడ ఏదో ఒక క్యాసెట్ పెట్టుకునేది. ఎవరో ఒకరు మాట్లాడుతుంటే రెండు ముద్దలు ఎక్కువ దిగుతాయని. తండ్రి గొంతు మాత్రం ఆ గదిలో లేదు. ఎన్నిసార్లు అడిగినా ఆయన ఇవ్వలేదు.

ఇదంతా బొత్తాల పిన్నితో మొదలైంది. దర్జీ దుకాణంలో చొక్కాలకి బొత్తాలు కుట్టి బతికే ఎనభై ఏళ్ల మనిషి ఆవిడ. ఊరందరికీ పిన్నే. రెండు నెలల కిందట పల్లపు వీధి పాత పనుల గురించి చెప్పించుకోవడానికి అక్కయ్య వెళ్తే, పిన్ని మాటల సందులో, మా ఆయన గంట మోగించడానికి వెళ్లిన రోజు చెప్పులు కూడా ఇంట్లోనే వదిలేశాడు అంది. అని నాలుక కరుచుకుంది. ఎంత అడిగినా మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఒక్కటి మాత్రం అంది, ఆయన తాగేవాడు కాదని.

పిన్ని భర్త రేవులో లాంతర్లు వెలిగించే మనిషి. లాంతర్లాయన అనేవారు. వరద తీశాక మూడో రోజున దిగువన సారాకొట్టు మెట్ల దగ్గర తేలాడు. తాగి ఏట్లో పడ్డాడని ఊరు తేల్చేసింది. ఊరి నోటికి మూత ఎవరు పెడతారు? పిల్లలు కూడా లేని ఆడమనిషి ఒక్కతే ఆ మాట మోసింది.

గంటమేడ కాపలా రిజిస్టరు అక్కయ్య గదిలో అద్దాల బీరువాలోనే ఉంది. వరదలో తడిసి అతుక్కుపోయిన రెండు పుటలని ఆవిడ ముప్ఫై ఏళ్లుగా ముట్టుకోలేదు. చిరుగుతాయని భయం. పిన్ని దగ్గర్నుంచి వచ్చాక కెటిల్ ఆవిరి మీద పట్టి, పల్చటి కత్తితో అణువణువూ విడదీసింది. వరద ముందురోజు సాయంత్రం తేదీ. పక్కన మూడు మాటలు. "నా బదులు లాంతర్లాయన." దాని పక్కన వేలిముద్ర.

రాత నాన్నది. 'ల' చివర తోక అంత పొడుగ్గా లాగేవాళ్లు ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఇవాళ మధ్యాహ్నం కమిటీ గ్రంథాలయం కింది హాల్లో మళ్లీ కూడింది. అధ్యక్షుడు మేష్టారు. బడి వదిలి ఇరవై ఏళ్లయినా ఎదుటివాళ్లని నిలబెట్టి మాట్లాడించే అలవాటు వదల్లేదు. అక్కయ్య రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. మిగతా సభ్యులు టీ కప్పుల్లోకి చూశారు.

"బదులు ఉంచినట్టుంది గాని, తర్వాత మీ నాన్నగారు వచ్చి మోగించలేదని ఎక్కడుంది?" అన్నాడు చివరికి.

రాలేదనడానికి ఆవిడ దగ్గర కాగితం లేదు. పిన్ని మాట ఉంది. తాగి పోయినవాడి భార్య మాట అని ఎవరో గొణిగారు. మేష్టారు వాళ్లని కళ్లతోనే ఆపి, గొంతు తగ్గించాడు.

"ఇటుకలు ఏ ఊళ్లోనైనా ఉంటాయమ్మా. మన దగ్గర కథ ఉంది. పిల్లలకి చెప్పుకునే కథ. దాన్ని కూడా మీరే ఇచ్చారు."

"కథ అలాగే ఉంది మేష్టారూ. అందులో మనిషి మారాడు, అంతే."

ఆయన నిట్టూర్చాడు. పలక చెక్కడం అయిపోయిందన్నాడు. అయినా కొడుకు వచ్చి వద్దంటే కమిటీ కాదనలేదని, కొడుకు వద్దననప్పుడు కూతురి మాట మీద ఒక పెద్దమనిషి పేరు చెరపలేమని అన్నాడు. రేపు వేదిక మీదికి రావడం ఇబ్బందనుకుంటే రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరని కూడా చాలా మర్యాదగా చెప్పాడు.

పదకొండేళ్లు ఆ మేడ కోసం తిరిగిన మనిషికి రానక్కర్లేదని చెప్పడం అంత తేలిక. అక్కయ్య రిజిస్టరు గుడ్డలో చుట్టుకుంది. హాలు దాటుతుంటే ఎవరూ వెనక నుంచి పిలవలేదు.

తమ్ముడి ప్రెస్సు రెండు వీధుల అవతల. పనివాళ్లు వెళ్లిపోయారు. మిషను ఆగి ఉంది. తడి సిరా వాసన మాత్రం గది నిండా ఉంది. రేపటి పండగకి వేసిన సంచిక అచ్చు ఫారాలు బల్ల మీద కుప్ప పోసుకుని తమ్ముడు ఒక్కడే మడత పెడుతున్నాడు. పై ఫారంలో మొదటి పేజీ తండ్రి ఫోటో. కింద అక్కయ్య ముప్ఫై ఏళ్ల కిందట రాసిన వాక్యాలు.

అతను తలెత్తి చూశాడు. మళ్లీ వంచేశాడు.

అక్కయ్య ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. కుప్పలోంచి ఒక ఫారం తీసి మడత పెట్టింది. గోటితో అంచు నొక్కి పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. చిన్నప్పుడు పెరట్లో కాగితం పడవలు చేసినప్పుడు కూడా ఇలాగే ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. యాభై మడిచి ఉంటారు, వంద మడిచి ఉంటారు. గోడ గడియారం తప్ప ఇంకేం మాట్లాడలేదు.

"నీకు ముందు చెప్పాల్సింది" అంది అక్కయ్య. "కమిటీలో చెప్పాక నీకు తెలిసింది. అది నా తప్పేరా."

అతను మడత ఆపలేదు. "నాకు నువ్వు చెప్పక్కర్లేదు."

"కోపంతో అంటున్నావు."

"కోపం కాదక్కా. నాకు తెలుసు."

అక్కయ్య చేతిలోని కాగితం సగం మడతలో ఆగిపోయింది.

తమ్ముడు గోడవైపు చూస్తూ చెప్పాడు. ఎవరికీ చెప్పని మాట కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండుసార్లు ఆగాడు. అప్పుడు అతనికి ఆరేళ్లు. అమ్మ పోయి ఏడాది. అక్కయ్య చదువు కోసం అమ్మమ్మ ఊళ్లో ఉంది. ఇంట్లో తండ్రీ కొడుకూ ఇద్దరే. మూడు రోజుల జ్వరం, ఒళ్లు పెనంలా కాలుతోంది. తండ్రి ఆ రాత్రంతా భుజాన వేసుకుని గదిలో తిరుగుతూనే ఉన్నాడు. తెల్లవారబోతుండగా గంట మోగడం మొదలైంది.

"నాన్న నడక ఆగిపోయింది. నన్ను దించకుండానే కిటికీ తీశాడు. మోగిస్తున్నాడు, మోగిస్తున్నాడు అన్నాడు. అంతే అక్కా. నన్నింకా గట్టిగా పట్టుకున్నాడు."

నీళ్లు తీశాక జనం వచ్చి తండ్రి చేతులు పట్టుకుని ఏడ్చారని చెప్పాడు. తండ్రి వాళ్ల మీదుగా కొడుకువైపు చూశాడు. ఆరేళ్ల పిల్లాడికి కూడా ఆ చూపు అర్థమైంది. పన్నెండేళ్లప్పుడు ధైర్యం చేసి అడిగితే, నీకోసమేరా అన్నాడట. ఇంక జన్మలో ఆ ప్రస్తావన రాలేదు.

"నాకోసమే అన్నాడు. ఇంక నేనెవరికి చెప్పను? ఏటేటా బడుల్లో నిలబడి మా నాన్న గంట మోగించాడని చెప్తూ వచ్చా. చెప్పగా చెప్పగా నిజమైపోతుందనుకున్నా. కాలేదు."

అక్కయ్య అతన్ని ఓదార్చలేదు. ఊరందరి గొంతులూ వెతుక్కుంటూ ముప్ఫై ఏళ్లు గడప గడపకీ తిరిగింది. తన ఇంట్లో, గోడ అవతలి గదిలో పడుకునే మనిషిని ఒక్కనాడూ అడగలేదు. అతనూ చెప్పలేదు. ఒకే కప్పు కింద ఇద్దరూ ఎవరి చీకట్లో వాళ్లున్నారు.

"లే" అంది కాసేపటికి. "పిన్ని దగ్గరికి వెళ్దాం."

అతను రానన్నాడు. ఏ మొహం పెట్టుకుని రావాలన్నాడు. ఆ ముసలావిడ ముందు నిలబడే కంటే ఏట్లో దూకడం నయమన్నాడు. అక్కయ్య బతిమాలలేదు, గొడుగు తీసుకుని నడిచింది. వీధి మలుపు దగ్గర వెనక తాళం వేసిన చప్పుడు, తర్వాత చెప్పుల చప్పుడు వినిపించాయి. పక్కపక్కన కాకుండా, ఒకరి వెనక ఒకరు నడిచారు.

దర్జీ దుకాణం వెనక ఒక్క గది. కిటికీలోంచి సాయంత్రపు వెలుగు ఇంకా వస్తోంది. పిన్ని మంచం అంచున కూర్చుని, ఒళ్లో చొక్కా వేసుకుని, చూపుతో పని లేకుండా వేళ్లతోనే సూదిలోకి దారం ఎక్కిస్తోంది. మంచం పక్కన బొత్తాల డబ్బా. గదిలో రెండో కుర్చీ లేదు. ఎవరూ రాని గదికి రెండో కుర్చీ ఎందుకు?

అక్కయ్య లోపలికి వెళ్లింది. తమ్ముడు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఎవరమ్మాయ్ ఆ వెనక?" అంది పిన్ని.

"మా తమ్ముడు పిన్నీ."

పిన్ని సూది చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది. గుమ్మం వైపు మొహం తిప్పి, కళ్లు చికిలించి చూసింది.

"జ్వరం పిల్లాడివి నువ్వే కదూ" అంది.

తమ్ముడి చెయ్యి తలుపు మీదికి వెళ్లింది.

పిన్ని మెల్లిగా, నిన్నటి సంగతి చెప్పినట్టు చెప్పింది. వరద ముందురోజు సాయంత్రం వాళ్ల నాన్న లాంతర్లాయన కోసం ఇంటికొచ్చాడు. పిల్లాడి ఒళ్లు కాలిపోతోంది, ఒక్క పూట మేడ మీద కూర్చుంటావా అని అడిగాడు. లాంతర్లాయన తటపటాయించాడు. పగలంతా పని చేసి అలిసిపోయి ఉన్నాడు.

"నేనే వెళ్లమన్నాను నాయనా. తల్లి లేని పిల్లాడు కదా, వెళ్లు అన్నాను. గంట విని నేను మెరక ఎక్కేశాను. నేను ఎక్కానని ఆయనకి తెలియదు కదా. నన్ను వెతుక్కుంటూ పల్లంలోకి దిగినట్టున్నాడు."

దుకాణంలో మిషను టకటకమని కుట్టి ఆగింది.

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అక్కయ్య అడిగింది.

"చెప్తే ఈ పిల్లాణ్ణంటారమ్మా. వీడి జ్వరం మూలాన ఒక మనిషి పోయాడంటారు. పెరిగేవాడు, ఆ మాట వింటూ ఎలా పెరుగుతాడు? నేను పెద్దదాన్ని, నన్నేమన్నా పడతాననుకున్నా." బొత్తాల డబ్బా దగ్గరికి లాక్కుంది. "కానీ తాగుబోతు అన్నారు చూడూ, అది మాత్రం అరగలేదు."

వాళ్ల నాన్న ఒకసారి వచ్చాడని కూడా చెప్పింది. వరద తర్వాత ఏడాదికి. ఇదే గుమ్మం దగ్గర, ఇలాగే నిలబడ్డాడట. లోపలికి రమ్మంటే రాలేదు. నోరు తెరిచి, మూసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఈ వీధిలోకే రాలేదు.

"నువ్వైనా లోపలికి రా నాయనా. నిలబడేవాళ్లని చూసి చూసి మెడ నొప్పెడుతోంది."

తమ్ముడు వచ్చాడు. కుర్చీ లేదు కాబట్టి మంచం ముందు నేల మీద కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి మోకాళ్లు దగ్గరికి లాక్కుని చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు. రేపు పలక మీది గుడ్డ తీసేది తనేనని, దాని మీద తండ్రి పేరుందని, ఏం చేయమంటావని అడిగాడు. పిన్ని చొక్కా మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"పేరు ఎవరిదైనా ఉండనీ. రాయికేం తెలుస్తుంది. ఆయన తాగి పడలేదని ఒక్కసారి పదిమందిలో అనాలి. అంటే ఎందుకు పడ్డాడో కూడా చెప్పాలి. అది నువ్వు చెప్పగలవో లేదో నాకు తెలియదు. చెప్పకపోయినా నిన్నేమీ అనను. ఇన్నాళ్లూ అన్లేదుగా."

తమ్ముడు నోరు తెరిచాడు. అక్కయ్య అతని భుజం మీద చెయ్యి వేయబోయి ఆగిపోయింది. ఈ ఒక్క మాటా ఎవరూ అందించకూడదనిపించింది.

పిన్ని సూది బట్టలోకి దింపింది, పైకి లాగింది.

"రేపు వస్తాను. ముందు కుర్చీలు నాకొద్దు, వెనకే కూర్చుంటా. చెవులు కూడా అంతంతమాత్రం. చెప్పేదుంటే కాస్త గట్టిగా చెప్పు నాయనా."

తమ్ముడు తల ఊపాడో, దించుకున్నాడో, ఆ మసక వెలుగులో అక్కయ్యకి తెలియలేదు.